లక్ష్మణ నిలబడిన చోటు

పిక్కిలి సీనప్పకు అరవై ఎనిమిదేళ్లు. ఆ ఏడాది రాగిచేనికి నీళ్లు కట్టడానికి వెళ్లినవాడు, మోటారు తాళంచెవి చేతిలో ఉండగానే ఇంటికి తిరిగొచ్చి దాన్ని గంటసేపు వెతికాడు. ఆసుపత్రిలో చూపిస్తే రక్తపోటు నూట డెబ్బై దాటింది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, బడి మైదానంలో పెద్దవాళ్లకు నర్సు ఉషా నేర్పే నిదానపు సిలంబానికి కూడా వెళ్లమన్నాడు. కర్రసాము అడుగులే, కానీ కర్ర ఉండదు. ఊపిరి పీలుస్తూ వదులుతూ మెల్లగా వేయాలి. గుండెకూ మెదడుకూ మంచిదట.

కర్ర ఉండదన్నందుకే సీనప్ప వెళ్లాడు. నలభై ఏళ్లుగా అతను కర్ర ముట్టలేదు.

అడుగులు వాటంతటవే వచ్చాయి. ఎడమ కాలు వెనక్కి తీసి కుడి చేయి తిప్పగానే ఎదురుగా, ఎవరూ లేని చోట, ఒకప్పటి సాము జోడీ లక్ష్మణ నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ల కిందటి అదే వయసు, తలకు అదే ఎర్రగుడ్డ, నవ్వుతూ దెబ్బ కోసం కాచుకుని. ఊరి జాతరలో ఇద్దరూ సాము ఆడుతుంటే సీనప్ప కర్ర గురితప్పి అతని చెవి వెనక తగిలింది. ఆటలో జరిగిందన్నారు అందరూ, ఎవరూ ఒక్క మాట అనలేదు. లక్ష్మణ ఆ తర్వాత పదకొండేళ్లు మనుషుల్ని గుర్తుపట్టకుండానే బతికి, పోయాడు.

సీనప్ప మళ్లీ మైదానం వైపు వెళ్లలేదు. మూడో వారం లక్ష్మణ భార్య పుట్టమ్మే అతని ఇంటికి వచ్చింది. తనకూ రక్తపోటు ఉందని, ఒక్కతే వెళ్లడానికి సిగ్గని, తోడు రమ్మని అడిగింది. కాదనలేకపోయాడు.

ఉషా ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది. పుట్టమ్మ సరిగ్గా ఆ చోటే నిలబడింది. సీనప్ప చేయి గాలిలో ఆగిపోయింది.

“నాకు వాడు అగుపిస్తా ఉండాడు, పుట్టమ్మా,” అన్నాడు.

పుట్టమ్మ తన చేయి పైకెత్తింది.

“ఆయన పోయేదాకా పొద్దున్నే గోడ ముందర నిలబడి చెయ్యి ఇట్లా తిప్పుతా ఉండె అన్నా. నన్ను మరిచిపోయినాడు. దీన్ని మరవలే.”

తిప్పి చూపించింది. అది ఉషా నేర్పిన తీరు కాదు. సీనప్ప, లక్ష్మణ కుర్రతనంలో తమకోసమే కల్పించుకున్న మణికట్టు మెలిక. సీనప్ప దానికి జవాబుగా చేయి మెల్లగా చాచి, ఆమె చెవికి జానెడు దూరంలో ఆపాడు.

ఆరు నెలలకు సీనప్ప రక్తపోటు నూట నలభైకి దిగింది. మతిమరుపూ కాస్త తగ్గిందని ఇంట్లో అంటారు. లక్ష్మణ మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాడు, సిలంబం ఉండే మంగళవారాలూ శుక్రవారాలూ. ఆ ముసలివాళ్లిద్దరూ అతనికి చోటు వదిలి నిలబడతారు.