కన్ను వైపు పెట్టిన గాజు

క్రిస్మస్ మరుసటి రోజు మధ్యాహ్నం మూడు గంటలకు నా కుడి కంట్లో ఏదో తేడా ఉందని తెలిసింది. ఆ ఉదయం తీసిన సూర్యగ్రహణం ఫొటోను పత్రికకు పంపాలని కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఎడమ కంట్లో నలుసు పడింది. ఆ కన్ను నలుపుకుంటూ కుడి కంటితో తెర చూశాను. కర్సరు లేదు. చూపు కాస్త పక్కకు జరిపితే వచ్చింది. మళ్ళీ దాని మీదే చూపు నిలిపితే పోయింది.

నొప్పి లేదు. ఎరుపు లేదు. పొద్దుటి నుంచి ఎండలో ఉన్న అలసట అనుకున్నాను. ఫొటో పంపించి పడుకున్నాను.

మరునాడు ఆ ఫొటో మొదటి పేజీలో వచ్చింది. ఎడమ కన్ను మూసి చూశాను. నెలవంకలా మిగిలిన సూర్యుడు ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ ఉంది. చుట్టూ ఉన్న అక్షరాలు మాత్రం ఉన్నాయి.

"ఫొటో బాగా వచ్చిందా?" అని నా భార్య నిర్మల వంటింట్లోంచి అడిగింది.

"కనపడలేదు."

"మీరు తీసింది మీకే కనపడలేదా? ఇంగ ఊరోళ్ళకేం కనపడుతుంది!" అని నవ్వింది. నేను నవ్వకపోయేసరికి చేయి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

జరిగింది ఇది. నేను కోలారు జిల్లాలో ఇరవై ఆరేళ్ళుగా విలేకరిని. బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఉంటాను. చంద్రుణ్ణి ఫొటోలు తీయడానికి ఒక నాలుగంగుళాల టెలిస్కోపు కొనుక్కున్నాను. సూర్యుణ్ణి చూడాలంటే దాని మూతికి తొడిగే ఫిల్టరు వేరే కావాలని విన్నాను. గ్రహణానికి రెండు రోజులే ఉంది. తెప్పించే వ్యవధి లేదు.

మా వీధి చివర ఐజాక్ సార్ ఉంటారు. గనుల్లో ముప్పై అయిదేళ్ళు సర్వేయరు. గనులు మూతపడినప్పుడు రిటైరయ్యారు. సర్వేయర్లు పైన థియోడొలైట్‌తో, అంటే కోణాలు కొలిచే చిన్న దుర్భిణితో, సూర్యుణ్ణి చూసి దిక్కు తేల్చి, ఆ గీతనే గని బావిలోంచి కిందికి దింపేవారు. అందుకోసం కన్ను పెట్టే చోట తొడిగే నల్లగాజు ఒకటి ఆయన దగ్గర మిగిలింది. అది నా చేతిలో పెట్టారు.

"దీంట్లోనే సూర్యుణ్ణి పట్టినాను అప్పా, సర్వీసంతా. నా కండ్లు చూడు. ఇప్పుడుగూడ సూదిలో దారం ఎక్కిస్తా" అన్నారు.

వార్త ఏదైనా ఇద్దరిని అడగనిదే రాయను. ఈ గాజు గురించి ఆయనను తప్ప ఎవరినీ అడగలేదు.

గ్రహణం రోజు పొద్దున ఆయన ఇంటి ముందే టెలిస్కోపు పెట్టి, కన్ను పెట్టే చోట ఆ గాజు తొడిగాం. పది నిమిషాలు చూశాను. ఫోన్ ఆనించి ఫొటోలు తీశాను. మళ్ళీ ఫోకస్ సరిచేద్దామని కన్ను పెట్టినప్పుడు టక్‌మని చిన్న చప్పుడు వచ్చింది. తెల్లటి గీత ఒకటి మెరిసింది. వెంటనే తల వెనక్కి తీశాను.

"గాజు పగిలింది సార్."

"పోతే పోనీ. నా మాదిరే దానికీ వయసైపోయినాది" అన్నారు. ఇద్దరం నవ్వాం.

మా ఊరి కంటి డాక్టరు చుక్కలు వేసి చూసి, ఓసీటీ అనే రెటీనా స్కాన్ తీయించాలి, బెంగళూరు వెళ్ళండి అన్నారు. మారికుప్పం స్టేషన్లో పొద్దున రైలెక్కాం. నేనొక్కణ్ణే పోతానంటే నిర్మల వినలేదు. "రెండు కండ్లున్నప్పుడే మీకు దారి తెలీదు. ఇంగ ఒక కంటితో యాడికి పోతారు?" అంది.

రెటీనా డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పెద్ద అక్షరాల దగ్గరే ఆగిపోయాను. కుడి కన్ను 6/36 అని రాసుకుంది.

"ఎంతసేపు చూశారు?"

"గాజు పగిలాక ఒక్క క్షణం. అంతకుముందు పది నిమిషాలు."

"ఆ పది నిమిషాలు కూడా లెక్కే" అంది. ఓసీటీ బొమ్మ చూపించింది. వరసలు వరసలుగా ఉన్న పొరల నడుమ చిన్న ఖాళీ. "ఫోవియాలో, అంటే సూటిగా చూసే నడిమి చోట, డ్యామేజ్. సోలార్ రెటినోపతి అంటాం. రెటీనాకు నొప్పి తెలియదు. అందుకే మీకు తెలియలేదు."

"ట్రీట్‌మెంట్?"

"లేదు. మూడు నుంచి ఆరు నెలలు వెయిట్ చేయండి. కొంత చూపు రావచ్చు. ఎంతని చెప్పలేను."

కెమెరాకు నేను పెట్టేది కుడి కన్నే. అది రాకపోతే ఫొటోల పని నాది కాదు. ఆ సంగతి అర్థమైంది కానీ ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. తిరుగు రైల్లో వేరుశనగకాయలు తిన్నాం. పొట్టు నిర్మల కాగితంలో పోగుచేసింది.

ఆస్పత్రివాళ్ళు గళ్ళ కాగితం ఇచ్చారు, మధ్యలో చుక్కతో. దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాను. రోజూ పొద్దున ఎడమ కన్ను మూసి ఆ చుక్కను చూడాలి. చుక్క కనపడేది కాదు. నెల గడిచినా కనపడలేదు.

ఐజాక్ సార్‌కు నేను చెప్పలేదు. పాల బూత్ దగ్గర నిర్మల చెప్పేసింది. ఆ సాయంత్రమే వచ్చారు. చేతిలో ఒక కాగితం. దాని మీద రెండు సున్నాలు గీసి ఉన్నాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

"నాతో ఏమిటికి చెప్పలేదప్పా?"

"చెప్పి ఏం లాభం సార్."

"థియోడొలైట్ మూతి ఒకటిన్నర ఇంచి. నీది నాలుగు ఇంచిలు. ఏడు రెట్లు ఎండ దూరుతాది. అదంతా వచ్చి ఆ గాజు మీదనే పడతాది. ఒక రెట్టుకు చేసిన గాజప్పా అది." కాగితం మడిచారు. "లెక్క వేయకుండా సర్వే మేకు ఒక్కటి కొట్టినోణ్ణి కాదు నేను. ఆ పొద్దు వేయలే."

"నేనూ అడగలేదు సార్."

"ఇద్దరికిద్దరు సరిపోయినారు. కాఫీ తాగండి, ఆరిపోతా ఉండాది" అంది నిర్మల. తాగాం. ఆయన కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళారు.

మార్చిలో చెకప్ ఉండగా కరోనా లాక్‌డౌన్‌తో రైళ్ళు ఆగిపోయాయి. అదే సమయంలో గళ్ళ కాగితం మీద గీతలు వంకరపోయాయి. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, చూడకుండా చెప్పలేమన్నారు. మూడు వారాలు ఆ వంకర గీతలనే చూశాను. ఒక పొద్దున చుక్క కనిపించింది, నీళ్ళలో పడినట్టు మసకగా. నిర్మలకు చెప్పాను. మళ్ళీ చూడమంది. మళ్ళీ కనిపించింది. సరే అని టిఫిన్ తిన్నాను.

దారులు తెరిచాక వెళితే 6/9 అన్నారు, మామూలు చూపుకు ఒక వరస తక్కువ. "ఇంతకంటే రాకపోవచ్చు" అంది డాక్టరమ్మ.

ఇప్పుడు చిన్న అక్షరాల్లో ఒకటి రెండు ఎగిరిపోతాయి. కెమెరాకు ఎడమ కన్ను పెడుతున్నాను. సూర్యుడి మచ్చలను ఇప్పటికీ ఫొటో తీస్తాను. టెలిస్కోపు మూతికి నిండుగా కప్పే సోలార్ ఫిల్టరు కొన్నాను. చిల్లులున్నాయేమోనని ఐజాక్ సార్ దాన్ని ప్రతిసారీ బల్బుకు ఎదురుగా పట్టి చూస్తారు. గాలికి ఊడకుండా టేపు వేస్తారు. పక్కనున్న, గురి చూసే చిన్న ఫైండరుకు ఫిల్టరు ఉండదు కాబట్టి దాన్ని తీసేస్తాం.

చదివేవారికి ఒక్క మాట. ఫిల్టరు ఆకాశం వైపు, టెలిస్కోపు మూతికి ఉండాలి. కన్ను వైపు పెట్టేది ఏదైనా, ఎంత పెద్దమనిషి ఇచ్చినా, ఆయన దాంతో ఎన్నేళ్ళు చూసి ఉన్నా, వద్దని చెప్పి తిరిగి ఇచ్చేయండి. ఆయన నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.