గుమ్మటం నిలబడేదాకా

మా చిన్నప్పుడు ఒమన్‌లో, ఖబూరా దగ్గర ఒక ఖర్జూర తోటలో ఉండేవాళ్ళం. నాన్న అక్కడ మేస్త్రి. అమ్మ యజమాని ఇంట్లో వంట చేసేది. మాది జగిత్యాల వైపు...

యజమానిని అందరూ అర్బాబ్ అనేవాళ్ళు. ఇంగ్లండులో చదువుకున్నాడట. అక్కడ ఏదో పాత జమీందారీ బంగళా తోటలో చూసిన మండపం ఫోటో తెచ్చి, అచ్చం ఇలాగే కట్టమన్నాడు. గుండ్రంగా ఎనిమిది స్తంభాలు, పైన గుమ్మటం, చుట్టూ గోడ అన్నదే లేదు! ఆ స్తంభాలైనా తిన్నగా ఉంటాయా... నడుమ కాస్త ఉబ్బి, పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. ఆ ఒంపు కుదరక నాన్న ఎన్నిసార్లు సిమెంటు గీకేశాడో!

గుమ్మటం పోశాక గోనెసంచులు కప్పి, ఆ ఎండకు ఆరిపోకుండా పొద్దస్తమానం తడిపింది అమ్మే. పొయ్యి మీద కూర వదిలేసి మరీ పరుగెత్తుకొచ్చేది.

గుమ్మటాన్ని కింద నుంచి మోసే కర్రల సెంట్రింగు విప్పడానికి ఇంకొన్నాళ్ళు ఆగాలని నాన్న బతిమాలాడు. సాయంత్రం చుట్టాలొస్తున్నారని అర్బాబ్ ససేమిరా అన్నాడు. నాన్న పనివాళ్ళందరినీ దూరంగా పంపేశాడు. పోసినవాడే విప్పాలని నాన్న పట్టు. సుత్తి పట్టుకుని ఒక్కడే లోపలికి పోయాడు.

ఒక్కో కర్రా పడుతోంది... ఇంతలో పైనుంచి టప్పుమని ఏదో చిట్లిన చప్పుడు. నాన్న సుత్తి ఆగిపోయింది.

దూరంగా నా పక్కనే నిలబడ్డ అమ్మ, నా చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది. "ఈడనే ఉండు బిడ్డా" అని నేరుగా లోపలికి నడిచింది.

"పిచ్చి లేసిందా నీకు? పో అవుతలికి! పొల్ల ఒక్కతైతది!" నాన్న అరిచాడు.

"దినాం నీళ్ళు కొట్టింది నేనే గద... ఎంత గట్టిగున్నదో నాకెర్క. కొట్టు," అంది అమ్మ.

నాన్న కొట్టాడు. చివరి కర్ర పడింది. దబ్బున దుమ్ము లేచింది... ఇద్దరూ కనబడలేదు. "అమ్మా!" అని గొంతు చించుకుని అరిచాను. ముందు అమ్మ దగ్గు వినిపించింది. తర్వాత నాన్న నవ్వు.

గుమ్మటం నిలబడింది. నేను మాత్రం చాలా రోజులు అమ్మతో మాట్లాడలేదు. నన్నొక్కదాన్నీ వదిలేసి ఎలా పోయిందసలు అని ఒళ్ళు మండిపోయేది. నా పెళ్ళయ్యాక గానీ ఆ కోపం పోలేదు.

ఇప్పుడు సైట్లలో కప్పు కింద సెంట్రింగు విప్పేటప్పుడు తాడు కట్టి అందరినీ దూరం పెడుతున్నారు. మంచిదే... ప్రాణం కంటే ఏదీ ఎక్కువ కాదు. కానీ మనవాళ్ళకు కష్టమొచ్చినా దూరం నుంచే 'జాగ్రత్త' అని మెసేజ్ పెట్టి ఊరుకుంటున్నాం. నేనూ అంతే...

మీ ఇంట్లో అలా లోపలికి నడిచిన మనిషి ఎవరు?