మామిడితోట ఇల్లు... కుంగిన దూలం

మా చిన్నప్పుడు... ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం, మంచిర్యాల అవతల మా మామిడితోటలో ఉన్న ఇంటి దూలం కుంగింది.

ముత్తాత కట్టిన ఇల్లు. మట్టిగోడలు, టేకు దూలాలు, పైన గూనపెంకులు. తోట చూసుకుంటూ మా మేనత్త లక్ష్మవ్వ ఒక్కతే అందులో ఉండేది.

పెదనాన్న ఒక మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. కూలగొట్టి స్లాబు వేయిద్దామన్నాడు. అత్త ఒప్పుకోలేదు. గోదావరిఖనిలో ఉన్న నాన్నకు కబురు పెట్టింది.

నాన్నది బొగ్గుబాయిలో పని. భూమి లోపల పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టేవాడు. వారం సెలవు పెట్టి, నన్ను కూడా తీసుకుని బయల్దేరాడు.

వస్తూనే నిచ్చెనెక్కి, ఇనుప కడ్డీతో దూలాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా కొడుతూ చెవి ఒగ్గి విన్నాడు... బాయిలో కప్పును అలాగే చూస్తారట.

"అక్కా, దూలం గట్టిగనే ఉన్నది. గోడ లోపలున్న కొసకే చెద పట్టింది. గంత కోసి కొత్తది అతికిస్త. నువ్వు నాలుగు దినాలు బయట ఉండాలె."

అత్త నడింట్లో చాప వేసుకుని కూర్చుంది. లేవనంటే లేవనంది.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు నాన్న.

"నీ మీద ఉన్నది తమ్మీ. అన్న మీదనే లేదు. నేను గడప దాటంగనే గోడలు పడగొట్టిస్తడు."

పెదనాన్న అరుగు మీదే ఉన్నాడు. అంతా విన్నాడు. కాసేపటికి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి లోపలికొచ్చాడు.

"కర్ర ఎటు పట్టాల్నో చెప్పురా" అన్నాడు నాన్నతో.

అప్పుడు లేచింది అత్త.

అన్నదమ్ములిద్దరూ దూలం కింద కర్రలు నిలబెట్టారు. పాడైన కొస కోసేసి, టేకు ముక్క అతికించి, ఇనుప పట్టీలు బిగించారు. అత్త చెట్టు కింద కూర్చుని, కళ్ళు తిప్పకుండా చూస్తూనే ఉంది. నేను పక్కన ఉప్పూకారం అద్దుకుని మామిడికాయ తింటున్నాను.

నాలుగో రోజు కర్రలు తీసేశారు. పైనుంచి కాస్త మట్టి రాలింది... అంతే.

అత్త లోపలికొచ్చి, ఒకసారి పైకి చూసి, సరిగ్గా ఆ దూలం కిందే చాప పరుచుకుంది. రెండు నిమిషాల్లో గురక. అన్నదమ్ములు చప్పుడు చేయకుండా బయటికి వెళ్ళి బీడీలు ముట్టించుకున్నారు.

ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. ఇల్లు ఉంది. ఏటా వానలకు ముందు పెంకులు సర్దిస్తున్నాం... ఒకప్పుడు ఊరికి నలుగురు చేసిన పని అది. ఇప్పుడు ఒక్క మనిషి కోసం నాలుగూళ్ళు తిరగాలి.

మీ ఇంట్లో కూడా ఒక పాత గోడకో, తలుపుకో అడ్డం కూర్చుని దాన్ని కాపాడినవాళ్ళు ఉండే ఉంటారు... వాళ్ళ సంగతి ఇక్కడ రాయండి, చదువుతాను.