పసుపు గీతను నమ్మి దుమ్ముగూడెం దాకా

మా పాత పికప్పు బండి రాళ్ళ మీదికి ఎక్కుతుందో లేదో కళ్ళారా చూద్దామని ఆ సోమవారం ఖమ్మం నుంచి బయలుదేరాను. ఉదయం 5:40కి ఖానాపురం హవేలిలో మా వీధి మొగలో షేర్ ఆటో, 6:00కి బస్టాండు, 6:20కి భద్రాచలం బస్సు. ఆ దారిన వెళ్ళేవారు ఎడమవైపు సీటు చూసుకుంటే మంచిది. తల్లాడ దాటాక ఎండ కుడివైపు కొడుతుంది.

ముందు బండి సంగతి చెప్పాలి. నేను ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ వర్క్‌షాపులో పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. మా అమ్మాయి ఎస్తేరు కాలేజీలో లెక్కలు చెబుతుంది. మాకు ఒక్కతే. రెండేళ్ళ కింద మధిరలో ఒక ధాన్యం వ్యాపారి షెడ్డులో బస్తాల వెనక పడి ఉన్న పికప్పును చూసింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. "డాడీ, దీన్ని రాళ్ళెక్కే బండి చేద్దాం" అంది. నేను నవ్వాను. తర్వాత పద్నాలుగు నెలలు మా ఇంటి వెనక రేకుల షెడ్డు కిందే ఇద్దరికీ సాయంత్రాలు గడిచాయి. బాడీని జానెడు పైకి లేపాం. పెద్ద టైర్లు వేశాం. ఇంజను కింద ఇనుప పలక, క్యాబిన్ చుట్టూ గొట్టాల పంజరం, చివరికి ఇరుసు మీద బరువు మోసే కొత్త కమాను పట్టీలు.

పనిలో నాకొక పద్ధతుంది. నట్టు పూర్తిగా బిగించాక, నట్టు మీదుగా బోల్టు మీదికి పసుపు పెయింటుతో సన్నని గీత గీస్తాను. నట్టు వదులై తిరిగితే గీత తెగుతుంది. వంగి చూస్తే చాలు, తెలిసిపోతుంది. వర్క్‌షాపులో నా కింద పనిచేసినవాళ్ళందరికీ ఇదే నేర్పాను, ఎస్తేరుకూ నేర్పాను. ఇంకో పద్ధతి డైరీ. పంతొమ్మిదో ఏట నుంచి రోజూ సాయంత్రం రాస్తాను, ఒక్క ఆదివారం తప్ప. పెళ్ళయిన ఏడాది ఆదివారాలు కూడా వర్క్‌షాపుకు పోతుంటే మా ఆవిడ షరతు పెట్టింది. ఆ రోజు పానా పట్టకూడదు, డైరీ తెరవకూడదు. ఆదివారం పేజీ సోమవారం పొద్దున రాసుకుంటాను. ఇప్పటికి ఒక్కసారి కూడా తప్పలేదు.

శనివారం బండిని మధిర దాకా తిప్పి తెచ్చాం. ఏ చప్పుడూ లేదు. సోమవారం దుమ్ముగూడెం అవతల ఒక ఎండిన వాగులో రాళ్ళెక్కే బండ్ల ఆట ఉంది, దానికి ఎస్తేరు, మా అల్లుడు ప్రకాశ్ ఆ తెల్లవారుజామున బయలుదేరాలని మొదట అనుకున్నాం. ఆదివారం ఆరాధన అయ్యాక అల్లుడు మాట మార్చాడు. భద్రాచలంలో స్నేహితుడి ఇంట్లో పడుకుంటే పొద్దున్నే నింపాదిగా వాగు చేరవచ్చునన్నాడు. బండిలో రెండే సీట్లు. నా నడుముకు కుదుపులు పనికిరావని డాక్టరు చెప్పి ఉన్నాడు. నేను మర్నాడు బస్సులో రావాలని తేల్చాం. మధ్యాహ్నం 2:10కి వాళ్ళు కదిలారు. అంతకుముందు ఎస్తేరు టార్చి పట్టుకొని బండి కిందికి వంగి గీతలన్నీ చూసుకుంది. నేను బానెట్ మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాను.

బస్సు వైరా దాటాక 7:05కి ఆదివారం పేజీ రాద్దామని డైరీ తెరిచాను. ఎడమ పక్క శనివారం పేజీ చివర నా దస్తూరితోనే ఇలా ఉంది: "కొత్త కమాను. మధిర పోయి వచ్చాక పట్టీలు సర్దుకుని ఉంటాయి. యూ-బోల్టులు మళ్ళీ బిగించాలి. సోమవారం తెల్లారి, బండి కదలకముందు."

పెన్ను మూత పెట్టేశాను. ఇరుసును కమానుకు కట్టిపడేసేవి ఆ యూ-బోల్టులే. కొత్త పట్టీలు బరువు మీద నడిచాక ఒకదాని మీద ఒకటి నొక్కుకుని పలచబడతాయి, పట్టు వదులవుతుంది. నట్టు మాత్రం వెంట్రుకవాసి కూడా తిరగదు. అందుకని గీత తెగదు. ఎస్తేరు టార్చి వేసి చూసింది ఆ గీతలనే. మామూలు రోడ్డు మీద ఏమీ కాదు. రాళ్ళ మీద బండి బరువంతా ఒక్కో చక్రం మీదే పడినప్పుడు ఇరుసు పక్కకు జరుగుతుంది. ఏటవాలులో జరిగితే బండి తిరగబడుతుంది. వాగులో ఆట 11:00 గంటలకు మొదలని అల్లుడు చెప్పాడు.

ఎస్తేరుకు ఫోన్ చేశాను. అందుబాటులో లేదంది. ప్రకాశ్‌దీ అంతే. అప్పటికే అడవి అంచుకు చేరి ఉంటారు.

నా పక్కన తల్లాడ రైతు ఒకాయన కాళ్ళ మధ్య మందు కొట్టే పంపు పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళ నాన్నగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డారట. నా ముఖం చూసి, "ఒంట్లో బాగోలేదా అండీ" అని అడిగాడు. సంగతి చెప్పాను. "మేమూ అంతేనండి. కొత్త ట్రాలీ రెండు ట్రిప్పులు తిరగ్గానే మళ్ళీ బిగిస్తాం. ఓసారి మా బావ బిగించకుండానే..." అని ఆగి కిటికీలోంచి బయటికి చూశాడు. తల్లాడలో దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి పోయాడు.

కండక్టరు దగ్గరికి వెళ్ళి కొంచెం తొందరగా పోనిమ్మని అడిగాను. "పెద్దాయనా, బస్సులో ముప్పావు వంతు ఆడోళ్ళే, ఫ్రీగా పోయే జీరో టికెట్లు. చెయ్యెత్తిన కాడ ఆపకుంటే రేపు నన్ను ఊర్లెకు రానియ్యరు" అన్నాడు. ముందు సీటులోని ఒక ఆవిడ వెనక్కి తిరిగి, "ఆయన బిడ్డ పానం మీదికొచ్చిందంటుంటే నీకు జీరో టికెట్ల ముచ్చట ఏందయ్యా" అని కసిరింది. అతను ముందుకు పోయి డ్రైవరు చెవిలో ఏదో చెప్పాడు. 8:30కి కొత్తగూడెంలో పావుగంట ఆగవలసిన బస్సు ఎనిమిది నిమిషాలకే కదిలింది. డ్రైవరు పూరీ చేతిలో చుట్టుకునే వచ్చి కూర్చున్నాడు. అక్కడ టిఫిన్ బాగుంటుందని అందరూ అంటారు. నేను బస్సు దిగనే లేదు.

పాల్వంచ దాటాక గోదావరి వంతెన. చుట్టూ అందరూ లేచి దండం పెట్టుకున్నారు, కొందరు నాణేలు విసిరారు. మామూలుగా నేను కూడా నది వెడల్పు చూసి డైరీలో నీటిమట్టం రాసుకుంటాను. ఆ రోజు గడియారం తప్ప ఏమీ చూడలేదు. 9:28.

భద్రాచలంలో 9:50కి చర్ల బస్సు దొరికింది. 10:40కి దుమ్ముగూడెం దాటి, ఒక కిరాణా కొట్టున్న మలుపులో దిగాను. ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. అక్కడి నుంచి ఐదు కిలోమీటర్ల మట్టి బాట. పన్నెండు దాకా ఆటోలు రావట. కొట్టు ముందు ఒక కోయాయన మోటార్‌సైకిల్‌కు గ్యాస్ సిలిండర్ కట్టుకుంటున్నాడు. నేను వాగు సంగతి ఎత్తగానే, "బండ్ల ఆట కాడికా? పొద్దుగాల నుంచి అడివంత మోగుతాంది" అన్నాడు. నా బిడ్డ అక్కడుందని, పన్నెండు దాకా ఆగితే లాభం లేదని చెప్పాను. కొట్టు అతనితో వాళ్ళ కోయ భాషలో రెండు ముక్కలు మాట్లాడి, కట్టిన తాడు విప్పి, సిలిండర్ కొట్లోనే దింపేశాడు. "గట్టిగ పట్టుకో తాతా" అన్నాడు. నడుము ఎన్నిసార్లు ఎగిరిపడిందో లెక్క లేదు. ఇంజను చప్పుడు వినబడితే బండి నడుస్తున్నట్టే కదా అని చెవులు రిక్కించాను. కొంత దూరం పోయాక చప్పుడు ఆగిపోయింది. ఇంకా తొందరగా పోనిమ్మని అతని భుజం నొక్కాను.

11:10కి చేరాను. ఆ స్థలం అడవి కాదు, ఒక రైతు పట్టా భూమిలోని ఎండిన వాగు. ఆయన అనుమతి తీసుకునే ఆట పెట్టుకున్నారు. ఇటు వచ్చేవారు బండిని అడవి భూమిలోకి దించకండి. ఏడు బండ్లు, ముప్పై మంది దాకా జనం. వాగు మధ్యలో ఏనుగు వీపంత నల్లరాయి మీద మా బండి, ముందు ఎడమ చక్రం గాలిలో. ఎస్తేరు మళ్ళీ ఎక్సలేటర్ తొక్కబోయే ముందు ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. అందుకే చప్పుడు లేదు.

వెనక చక్రాలు చూశాను. ఎడమ చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య నాలుగు వేళ్ళ సందుంది. కుడివైపు రెండు వేళ్ళే ఉంది. ఇరుసు అప్పటికే జరిగింది.

అరవాలనిపించింది. అరిస్తే తను ఉలిక్కిపడి బ్రేకు వదిలినా చాలు, బండి తిరగబడడానికి. రాళ్ళ మీద బండి నడిపేవాళ్ళు ఎదురుగా నిలబడి సైగ చేసే మనిషిని తప్ప ఇంకెవరినీ చూడరు. ఆ మనిషి ప్రకాశ్. రాళ్ళ మీదుగా అతని దాకా మెల్లగా నడిచాను. పరుగెత్తితే తనకు కనబడతాను. అతని వెనక నిలబడి, "తల తిప్పకు. వెనక ఇరుసు జరిగింది. బిడ్డను కదలనియ్యకు" అన్నాను.

అల్లుడు తల తిప్పలేదు. పైకెత్తి ఉన్న చెయ్యి నిదానంగా పిడికిలి బిగించాడు. అంటే అక్కడే ఉండమని. ఎస్తేరు ఇంజను ఆపి గేరులో ఉంచింది. అప్పుడు అతని భుజం మీదుగా నన్ను చూసింది.

బండిని కదలకుండా నిలపడానికి ఇరవై నిమిషాలు పట్టింది. రెండు బెల్టులతో మా బండి చట్రాన్ని పైనున్న మరో బండికి, ఒడ్డున ఉన్న మద్ది చెట్టుకు కట్టారు. చక్రాల కింద రాళ్ళు దూర్చారు. ఎస్తేరును పైవైపు తలుపు నుంచి దింపారు. సామాను పెట్టెలోంచి నేను తీసిన పానాను అల్లుడు అడిగాడు, ఇవ్వలేదు. బండి కిందికి పోకుండా పక్కన వెల్లకిలా పడుకుని చెయ్యి మాత్రం దూర్చాను. కుడి కమాను మీద నాలుగు నట్లు. నాలుగింటి మీదా నా పసుపు గీతలు ఇప్పుడే గీసినట్టు ఉన్నాయి. మొదటి మూడింటికి పానా ఆనించి ఊరికే నెట్టితే తిరిగాయి. నాలుగోది నా వేళ్ళతోనే తిరిగింది.

"గీతలన్నీ చూసిన డాడీ. ఒక్కటి తెగలె" అంది ఎస్తేరు నా తల దగ్గర కూర్చుని. ఆమె చెయ్యి నా చొక్కా అంచు పట్టుకుని ఉంది. నట్లు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నవాటిని జతగా తీసుకుని కొంచెం కొంచెంగా బిగించాను. ఇరుసును నిలిపే సెంటర్ బోల్టు సగం తెగి ఉంది. ఇంకొక్కసారి ఎక్సలేటర్ తొక్కి ఉంటే మిగతా సగమూ పోయేది.

బెల్టుల పట్టు మీదే బండిని అంగుళం అంగుళంగా వెనక్కి దింపారు. ఆ రోజు అది రాయి ఎక్కలేదు.

బండిని నెమ్మదిగా భద్రాచలం తెచ్చాక సెంటర్ బోల్టు కొత్తది దొరికింది. వేయించాక 3:15కి తిరుగు ప్రయాణం. ఈసారి అల్లుడు బస్సెక్కాడు, నేను బండిలో ఎస్తేరు పక్కన కూర్చున్నాను. డాక్టరు మాట గుర్తుంది. కాని ఆ నట్లను ఆమెతో ఒంటరిగా పంపడం నా వల్ల కాలేదు. ఇరవై కిలోమీటర్లకోసారి ఆపించాను. పాల్వంచలో పానాకు పావు చుట్టు పట్టింది. జూలూరుపాడులో అంతకన్నా తక్కువ. "డాడీ, ఇది ప్రయాణమా, తనిఖీనా" అని అడిగి, నేను నవ్వకపోయేసరికి బండి మళ్ళీ స్టార్ట్ చేసింది. ప్రతి గుంతకూ నా చెయ్యి డ్యాష్‌బోర్డు మీదికి పోతూనే ఉంది. ఆ దారిలో అడవి బాగుంటుంది, మోదుగులు విరగబూసి ఉన్నాయి. రాసే బాధ్యత ఉంది కాబట్టి రాస్తున్నాను. నాకు గుర్తున్నది మాత్రం రెండు వేళ్ళ సందు.

తల్లాడలో 6:05కి మళ్ళీ దిగి చూశాను. ఒక్క నట్టూ కదల్లేదు. ఎస్తేరు సామాను పెట్టెలోంచి పసుపు పెయింటు డబ్బా, సన్న కుంచె తీసి నా పక్కన కూర్చుంది. మూత తిప్పుతూ, "గియ్యనా?" అంది.

"వద్దు బిడ్డా" అన్నాను. "గీత లేకుంటే రేపు మళ్ళీ చూస్తం."

ఆమె మూత బిగించి డబ్బా లోపల పెట్టింది.