మేనమామ కొడుకు ఎపిసోడ్

టీవీలో ఆ కుటుంబం హాల్లో మూడు సోఫాలుంటాయి. ఎవరూ కూర్చోరు. అందరూ నిలబడే మాట్లాడుకుంటారు. వారానికి ఐదు రోజులు, సాయంత్రం ఏడింటికి, నేను చపాతీల పిండి కలిపే వేళకే వాళ్ళకు ఏదో ఒక కొంప మునుగుతుంది. అరగంటలో అది తేలిపోతుంది, అందరూ కలిసి ఫొటో దిగుతారు. మా ఇంట్లో ఆ హిందీ కామెడీ సీరియల్‌కు మా అత్త కుర్చీ, మా అమ్మాయి చాప, పిండి పళ్ళెంతో సహా నా పీట, అన్నీ ఖాయం.

మా అత్త భిలాయి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆవిడ హిందీ మాత్రం కూరగాయల బండి దగ్గరే ఆగిపోయింది. అందుకని సీరియల్‌ని తెలుగు చేసే ఉద్యోగం నాది. "ఏటన్నాడే?" అంటుంది. నేను చెప్పేలోపు ఇంకో జోకు అయిపోతుంది. "ఇప్పుడేటన్నాడు?" అంటుంది. ఈ గోలలో ఇన్నేళ్ళుగా ఒక్క జోకుకీ సమయానికి నవ్వలేదు నేను.

అసలు సంగతికి ముందు ఒక మాట చెప్పాలి. మా ఆయన నా మేనమామ కొడుకు. మామ ఇక్కడి స్టీలు ప్లాంటులో పని చేసేవాడు, మేం శ్రీకాకుళం దగ్గర ఉండేవాళ్ళం. పెద్దవాళ్ళు అనుకున్నారు, చేశారు. మా వైపు అందులో గొప్పా లేదు, తప్పూ లేదు. ఇక్కడి హిందీవాళ్ళకు మాత్రం మామ కొడుకంటే అన్న, రాఖీ కట్టాల్సిన మనిషి. కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే అది అర్థమై నోరు మూసుకున్నాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నేను ఆయన్ని "బావా" అని పిలుస్తుంటే అదేదో ముద్దుపేరనుకుని రుఆబాంధాలో మా వీధంతా ఆయన్ని "బావా భయ్యా" అనడం మొదలుపెట్టింది. గ్యాస్ బండ తెచ్చేవాడికీ అదే పేరు, హథ్‌ఖోజ్‌లో ఆయన పనిచేసే వర్క్‌షాపులోనూ అదే పేరు. ఒకే మనిషిని బావనూ చేశారు, అన్ననూ చేశారు. అప్పుడు దిద్దితే బోలెడు విప్పి చెప్పాల్సి వచ్చేది. బద్ధకించాను.

ఆ సాయంత్రం పక్క క్వార్టర్ దీదీ వాళ్ళింట్లో టీవీ పాడైంది. దీదీ, వాళ్ళమ్మాయి మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. ఆ పిల్లా మా పిల్లా పదో తరగతిలో ఒకే బెంచీ.

ఎపిసోడ్ ఏమిటంటే, ఆ ఇంటి అమ్మాయి ఒక కుర్రాణ్ణి ప్రేమించింది. అందరికీ నచ్చాడు. లడ్డూలొచ్చాయి. కుర్రాడి తండ్రి గుమ్మంలో కాలు పెట్టగానే పిల్ల తల్లి చేతిలో పళ్ళెం జారిపోయింది. ఆయన ఎప్పుడో ఇల్లు వదిలిపోయిన ఆవిడ అన్న. అంటే కుర్రాడు పిల్లకు మామ కొడుకు. తాత మూర్ఛపోయాడు, నానమ్మ మూర్ఛపోయింది, చివరికి వంటవాడు కూడా మూర్ఛపోయాడు. రికార్డు చేసి పెట్టుకున్న నవ్వులు ఆగకుండా మోగాయి. పిల్ల ముక్కు ఎగబీలుస్తూ కుర్రాడి చేతికి రాఖీ కట్టింది. దీదీ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. మా అమ్మాయి కూడా "ఛీ" అని నవ్వింది. నేను కలిపిన పిండినే మళ్ళీ కలిపాను.

"ఏటైందే? అందరూ ఎందుకలగ పడిపోతన్నారు?" అంది అత్త.

"ఏం లేదత్తా. ఆ అబ్బాయికి పెళ్ళి ఇష్టం లేదట."

"నాకు సెవుడేటి? మామా మామా అంటన్నారు గదా. ఆ గుంటడు ఆలమ్మకి అన్న కొడుకా?"

"ఊఁ."

"మరింకేటి? సక్కటి సంబంధం. ఏడుపెందుకు?"

నేను రిమోట్ కోసం వెతుకుతున్నాను. ఈలోపు ఆవిడ దీదీ వైపు తిరిగి, కూరగాయల బండి దగ్గర పోగేసిన హిందీ అంతా ఒక్కచోట పెట్టి, "హమారా బహూ భీ ఐసా హీ. మేరా ననద్ కా బేటీ. మేరా బేటా ఇస్ కా మామా కా బేటా. బహుత్ అచ్ఛా" అంది. నా కోడలు నా ఆడపడుచు కూతురే అని, ఎంతో గర్వంగా. వ్యాకరణం తప్పేమో కానీ అర్థం కానిదేమీ లేదు.

దీదీ నవ్వు సగంలో ఆగింది. వాళ్ళమ్మాయి కాసేపు లెక్క కట్టుకుని మా అమ్మాయితో, "తో బావా అంకుల్ తేరీ మమ్మీ కే భాయీ హై?" అంది. అయితే బావా అంకుల్ మీ మమ్మీకి అన్నా అని.

మా అమ్మాయి మొహం ఆ క్షణంలో ఎలా అయిందో నాకిప్పటికీ గుర్తే. తనకు ఈ వరసలన్నీ తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుగులో తెలుసు. వాటిని హిందీలోకి తిప్పి ఎప్పుడూ చూసుకోలేదు, అంతే.

వాళ్ళు వెళ్ళాక మా అమ్మాయి ఇల్లు పీకి పందిరేసింది. "రేపు క్లాసంతా తెలిసిపోతుంది మమ్మీ. అందరూ నన్ను చూసి ఛీ అంటారు. నేను స్కూలుకి నహీ జాఊంగీ" అని దిండులో మొహం పెట్టుకుంది. అప్పుడే పని నుంచి వచ్చిన ఆయన అంతా విని పకపకా నవ్వాడు.

"నవ్వకు బావా," అన్నాను.

"ఉన్న మాటే గదా అంది అమ్మ. ఇందులో ఏటుంది?" అని చపాతీలు అడిగాడు. ఆయనకేం, పొద్దున్నే వర్క్‌షాపుకు పోతాడు. పదో తరగతి బెంచీ మీద ఆయన కూర్చోవాలా? సీరియల్ రాసినవాడి మీద, నవ్విన దీదీ మీద, నోరు ఆపుకోలేని అత్త మీద, ఆయన మీద, అందరి మీదా కోపం వచ్చింది. చపాతీలు మాడ్చాను.

మర్నాడు పిల్ల నిజంగానే స్కూలు మానేసింది. "ఆంటీకి చెప్పు మమ్మీ. దాదీకి వయసైపోయింది, చుట్టరికాలు కలిపేస్తుందని చెప్పు," అని నా కొంగు పట్టుకుంది. పరీక్షల ఏడాది. అమ్మానాన్నల పెళ్ళి తలుచుకుని పిల్ల తలెత్తలేకపోతుంటే ఏ తల్లి చూస్తూ ఊరుకుంటుంది? సరేనన్నాను. అత్త దగ్గరికెళ్ళి, "ఎవరడిగినా మనకు ముందు చుట్టరికం లేదని చెప్పు. నేను బయటిపిల్లనని చెప్పు," అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

"ఎందుకే?"

రాఖీ సంగతంతా వివరించాను. ఆవిడ ఆలోచించి, "మరి ఈలు మేనమావల్నేటి సేసుకుంటారు?" అంది. తల పట్టుకున్నాను.

సాయంత్రం దీదీ వచ్చింది, పిల్ల స్కూలుకెందుకు వెళ్ళలేదో కనుక్కుందామని. అత్త గుమ్మం దగ్గర తోటకూర బాగుచేస్తోంది. దీదీ కళ్ళు నా మీద, అత్త మీద తిరుగుతున్నాయి. నేను పొద్దుటి నుంచి వల్లించుకున్న అబద్ధం మొదలుపెట్టబోయాను. అత్త నాకా అవకాశం ఇవ్వలేదు.

"కల్ హమ్ గలత్ బోలా," అంది చేతులు దులుపుకుని. "బుడ్ఢా హో గయా నా. బహూ బాహర్ కా లడ్కీ. షాదీ సే పహలే హమ్ దేఖా భీ నహీ."

ముసలిదాన్నైపోయాను, నిన్న తప్పు చెప్పాను, కోడలు బయటిపిల్ల, పెళ్ళికి ముందు కళ్ళతో చూడనైనా లేదు అని. తడబాటు లేదు. దీదీ ముఖం విప్పారింది. అదే అనుకున్నానంటూ నా భుజం తట్టి వెళ్ళిపోయింది. కర్టెన్ వెనక నుంచి పిల్ల పరుగెత్తుకొచ్చి, "థాంక్యూ దాదీ" అని ఆవిడ మెడకు చుట్టుకుంది. మొహం కడుక్కుని, సైకిలేసుకుని ట్యూషన్‌కు పోయింది.

నాకు కావలసింది అక్షరాలా జరిగింది. నా ఒళ్ళు మాత్రం మండిపోయింది. నన్ను ఉయ్యాల్లో వేసిన రోజున ఊరొచ్చి, పక్కనే ఉండి ఊపింది ఈవిడ. చెవులు కుట్టించినప్పుడు మామ ఒళ్ళో నేను గుక్కపట్టి ఏడుస్తుంటే నోట్లో బెల్లం ముక్క పెట్టింది ఈవిడ. పెళ్ళికి ముందు చూడనైనా లేదట.

"బయటిపిల్లంటే సరిపోయేది కదత్తా. చూడనే లేదనాలా?" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే లేచింది.

"నువ్వే గదే అనమన్నావు," అంది తోటకూర మీంచి తలెత్తకుండా. "సగం సెప్తే నమ్ముతాదేటి?"

పక్కనే కూలబడి ఇంకో కట్ట విప్పాను. ఇద్దరం ఆకులు తుంచాం. గిన్నె నిండాక, చాలా చిన్న గొంతుతో ఆవిడ, "మీయమ్మకి మాత్రం సెప్పకే, నానిలగన్నానని" అంది.