క్రేను దిగిన దండాసి

"...అయితే దిగినాకయినా ఓ ముక్క సెప్పాల గదా. ఊరంతా పోన్లో సూసేసినాక, ఆకర్న నాకు తెలియాలా, నా మొగుడు ఆకాశంలో ఏలాడతన్నాడని."

"ఏలాడ్నేదు. కూకున్నాను."

"అవును, కాలు మీద కాలేసుకుని. అదీ సూసినాం."

బర్మాలోని ఓ రేవు పట్నంలో, తామ్వే పేటలో, ఆ పాత మేడ మూడో అంతస్తులో కరెంటు లేనప్పుడు అందరి తలుపులూ తెరిచే ఉంటాయి. గాలి రావాలంటే మరో దారి లేదు. అందుచేత దండాసి, సూర్యావతుల తగువు ఎదురింటి బర్మా వాళ్లకు మాట పొల్లుపోకుండా వినిపించింది. వాళ్లకు తెలుగు రాదు గానీ సంగతి తెలుసు. ఆ వీడియో వాళ్లూ చూశారు.

నిన్న సాయంత్రం సరస్సు దగ్గరి పార్కులో జెయింట్ వీలు తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. కరెంటు పోయింది. జనరేటర్లో డీజిలు లేదు. చక్రం తిప్పే కో టున్ డబ్బా పట్టుకుని పరిగెత్తి, బంకు దగ్గర వరసలో నిలబడి, తిరిగొచ్చేసరికి చీకటి పడింది. అంతసేపూ అన్నిటికన్నా పైనున్న తొట్టిలో దండాసి కూర్చుని ఉన్నాడు. కింద ఎవరో ఫోన్లో తీశారు. కూతురు సత్యశ్రీ పనిచేసే సెల్‌ఫోన్ల షాపులో ఈ మధ్యాహ్నం ఆ వీడియో చూస్తూ అందరూ నవ్వుకున్నారు. "ఈ తాత చూడు, ఎంత హాయిగా ఉన్నాడో" అని ఒకమ్మాయి తెరను పెద్దది చేసి చూపిస్తే, ఆ తాత తన తండ్రి.

"నాన్నా, బయమెయ్యలేదా?" అంది సత్యశ్రీ, తల్లి ఊపిరి తీసుకునే సందు చూసి.

"పక్క తొట్టిలో ఓ తల్లీ, పిల్లా ఉన్నారు. ఆ పిల్ల ఏడిసింది. కిందకి సూడొద్దమ్మా, దూరం సూడు, అదిగో పగోడా, అదిగో నది అని సెప్తా ఉన్నాను. నాకు బయపడ్డానికి కాలీ ఏదీ?"

"ఇను, ఇను. ఊరికి పెద్దమనిషి," అంది సూర్యావతి. కానీ గొంతు కొంచెం తగ్గింది.

దండాసి తాత గంజాం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఈ ఊరి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. తండ్రీ మోశాడు. ఆ ఇంట్లో బస్తాను పైనుంచి చూసినవాడు దండాసి ఒక్కడే. మీసాలు సరిగా రాని వయసులో క్రేను ఎక్కాడు, జుట్టు నెరిశాక దిగాడు. మనిషి ఒక్కడు పట్టే గాజు గది అది. కింద నుంచి ఒకడు చెయ్యి ఊపుతూ "ఆబీసు" అంటే ఎత్తాలి, "ఆరియా" అంటే దించాలి. ఆ రెండు మాటలు తప్ప రోజంతా అతనితో ఎవరికీ పని లేదు. ఎక్కితే మధ్యాహ్నం దాకా దిగడానికి ఉండదు గనక పొద్దున్నే టీ కూడా తాగకుండా వెళ్లేవాడు. తోటివాళ్లు జాలిపడేవాళ్లు. దండాసికి మాత్రం ఆ గదిలో ఎప్పుడూ ఏ లోటూ కనిపించలేదు. నది రంగు మారడం, ఓడ మెల్లగా తిరగడం, అవతల తన్లిన్ వైపు నుంచి వాన నీళ్ల మీదుగా నడిచి రావడం చూసేవాడు. వాన రేవుకు చేరకముందే అతనికి తెలిసేది.

ఉద్యోగం అయిపోయాక నేల అతనికి సరిపడలేదు. బజారుకు వెళితే ఎదుటివాడి భుజం తప్ప ఏమీ కనపడేది కాదు. ఇంట్లో కూర్చుంటే గోడ. కూరగాయల వాడితో గొడవ, బస్సు కండక్టరుతో గొడవ, నిద్ర లేదు. అప్పుడే సత్యశ్రీ తన మొదటి జీతంతో తండ్రిని ఆ పార్కుకు తీసుకెళ్లింది. తల్లికి ఆ రోజు ఫ్యాక్టరీలో ఓవర్‌టైము. జెయింట్ వీలు పైకి లేచి చెట్ల తలలు దాటగానే, ఏదో చెప్తున్న దండాసి మధ్యలో ఆపేశాడు. దూరంగా, ఇళ్ల కప్పులకు అవతల, రేవులో క్రేన్ల తలలు కనిపించాయి. ఆ రాత్రి పడుకున్నవాడు తెల్లారేదాకా కదల్లేదు.

మర్నాడు ఒక్కడే వెళ్లాడు. ఆ తర్వాత మానలేదు. ఏళ్లు గడిచాయి. వాన పడితే టికెట్ల గది చూరు కింద నిలబడి, తగ్గాక ఎక్కేవాడు. కరోనా రోజుల్లో పార్కు మూసేస్తే గేటు దాకా నడిచి, తాళం చూసి వచ్చేవాడు. మిగతా ఆటల జోలికి పోడు. ఒక్కసారి ఎక్కుతాడు, దిగుతాడు, అప్పుడు గేటు పక్క కొట్టులో టీ తాగుతాడు. ఎక్కే ముందు తాగడు. ఆ పాత అలవాటు ఇక్కడికీ వచ్చింది. కో టున్ అతన్ని "ఊ దండాసి" అని పెద్దరికంగా పిలిచి రోజూ మొదట అతన్నే ఎక్కించేవాడు. ఆయన బోణీ చేస్తే సాయంత్రం బాగుంటుందని ఆ కుర్రాడి నమ్మకం.

సూర్యావతికి ఇదంతా పిచ్చిగానే ఉండేది, కానీ పట్టించుకునే తీరిక ఉండేది కాదు. ఇన్సేన్ వైపు బట్టల ఫ్యాక్టరీలో ఒక వరస కుట్టు మిషన్లన్నీ ఆవిడ చేతి కింద నడిచేవి. ఏ మిషను గొంతు మారినా అంత దూరం నుంచే పోల్చేది. రెండేళ్ల కిందట ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటినుంచి జాకెట్లు కుడుతూ ఇంట్లోనే ఉంటోంది. మొగుడు పార్కుకు వెళ్లి ఇంట్లో లేని ఆ గంట ఆవిడకు తెలియడం మొదలైంది.

"రేపట్నుంచి ఎల్లొద్దు," అంది చివరికి.

ఎదురింట్లో ఎవరో దగ్గారు.

"ఎల్లకపోతే ఏటవుతాది?" అంది మళ్లీ తనే.

"ఏటీ అవదు," అన్నాడు. "బజారుకెల్తాను. కూరలోడితో దెబ్బలాడి వస్తాను."

సూర్యావతి నవ్వకుండా ఉండటానికి గిన్నెలు సర్దింది. "అయితే రేపు నానూ వస్తాను. ఆ పైన ఏటున్నాదో నాకూ సూపించు."

మర్నాడు నాలుగింటికి ఇద్దరూ వెళ్లారు. గేటులో అమ్మాయి దండాసికి టికెట్ ఇస్తూ ఆగింది. "చక్రం లేదు ఈ రోజు," అంది బర్మాలో.

జెయింట్ వీలు ముందు గొలుసు కట్టి ఉంది. తొట్లు కదలకుండా వేలాడుతున్నాయి. పక్కన మేనేజరు డా మ్యా గొడుగు కింద నిలబడి ఉంది. కో టున్ పొద్దున్నుంచి రాలేదట, ఫోను పలకడం లేదట. పాతికేళ్ల కుర్రాడు రాత్రికి రాత్రి ఎక్కడికి పోయాడో కుర్రాళ్లను సైన్యంలోకి పట్టుకుపోతున్న ఈ రోజుల్లో ఈ ఊళ్లో ఎవరూ ఎవర్నీ అడగరు. డా మ్యా కూడా అంతకుమించి చెప్పలేదు.

"ఊ దండాసి, మీకోసమే చూస్తున్నాను," అంది. "కొత్త కుర్రాణ్ణి పెట్టుకుంటే వాడూ వెళ్లిపోతాడు. వారంలో మనిషి దొరక్కపోతే చక్రం విప్పి అమ్మేస్తానంటున్నారు యజమాని. మీరు జీవితమంతా క్రేను నడిపారు. రోజూ ఎలాగూ వస్తారు. చక్రం తిప్పే మీట మీరు పట్టుకోండి."

దండాసి ముఖం వెలిగింది. క్రేను దిగిపోయాక ఒక యంత్రం దగ్గరికి రమ్మని తనను పిలిచినవాళ్లు లేరు. "పెద్ద మాట," అన్నాడు. గొలుసు మీద చెయ్యి వేశాడు. "ఇంట్లో అనుకుని చెప్తాను," అన్నాడు. డా మ్యా తలూపి, ఎండ పడుతున్న వైపు గొడుగు తిప్పుకుంది.

సూర్యావతి అతన్ని పక్కకు లాగింది. "ఇంట్లో అనుకోవడమేటి? ఇల్లు ఇక్కడే నిలబడుంది. ఒప్పుకో. నేల మీదే ఉంటావు, నాకూ గుండె దడుండదు."

"కింద నిలబడి తిప్పేవోడు పైకి ఎల్లలేడు."

"అయితే?"

దండాసి చక్రం కేసి చూశాడు. "అయితే ఏటి. ఒప్పుకుంటే ఊరంతా ఎక్కుతాది, నేను తప్ప. ఒప్పుకోకపోతే ఎవరూ ఎక్కరు, నాతో కలిపి." భార్య వైపు తిరిగాడు. "పైన ఏటున్నాదని అడిగినావు. ఏటీ లేదు. సూడ్డానికి దూరం ఉన్నాది. సూసి దిగితే మళ్లీ రేపటి దాకా నేను మడిసిని. అంతే." మళ్లీ చక్రం వైపు తిరిగి అన్నాడు, "ఒప్పుకుంటాన్లే. అమ్మేస్తే ఎక్కడికో పోతాది. ఇక్కడుంటే కిందనుంచయినా సూడొచ్చు."

మొగుడి నోట అంత పొడుగు మాట సూర్యావతి చాలా కాలానికి విన్నది. గొలుసు కింద నుంచి వంగి, మీట ఉన్న అరుగు ఎక్కింది. అక్కడ ఒక ఇనప మీట, ఒక గంట, ఎర్ర బుడిపె ఉన్నాయి. మీట మీద చెయ్యి వేసి, బరువు చూసింది. మోటారు గూడు మూత ఎత్తి లోపలికి తొంగి చూసింది. తర్వాత డా మ్యాను పిలిచింది.

"ఇది నొక్కి పట్టుకోవాలా, వదిలేసినా తిరుగుతుందా?" అని బర్మాలో అడిగింది.

"వదిలేస్తే ఆగుతుంది."

"ఎర్రది?"

"ఒక్కసారిగా ఆపడానికి."

"ఈ మోటారు బెల్టు ఒకవైపు అరిగింది. జనరేటర్ ఎక్కడ?"

డా మ్యా రేకుల పాక చూపించింది. సూర్యావతి వెళ్లి, డీజిలు ట్యాంకు మూత తిప్పి, పుల్ల ముంచి చూసి, ఆ పుల్లను డా మ్యా ముందు పట్టుకుంది. పొడిగా ఉంది. డా మ్యా పుల్లను చూసింది, దండాసిని చూసింది. దండాసి తన భార్యను చూస్తున్నాడు. ఆ పుల్ల చేత్తో పట్టుకుని ఆవిడ నిలబడ్డ తీరు అతనికి కొత్త. ఫ్యాక్టరీలో ఆవిడను అతను ఎప్పుడూ చూడలేదు.

"ఏటి సేత్తన్నావు?" అన్నాడు.

సూర్యావతి చేతులు కట్టుకున్న బర్మా లుంగీకి తుడుచుకుని, డా మ్యాకు అర్థమయ్యేలా బర్మాలోనే చెప్పింది.

"రేపట్నుంచి ఈ మీట నాది. ట్యాంకు నిండితే తప్ప ఎవరినీ ఎక్కించను. ఈయన టికెట్ కొనుక్కుని ఎక్కుతాడు."