పోలారావు అట్టడుగు మెట్టు

పోలారావుది కాశీబుగ్గలో నాటకాల హార్మోనియంలు బాగుచేసే పని. 2003లో టెక్కలి చర్చిలో మూలబడిన కాలితొక్కుడు ఆర్గన్‌ని రెండు వారాలు కుస్తీపట్టి పలికించాడు. జర్మనీ నుంచి ఒకాయన వచ్చి దాని మీద బరోక్ సంగీతం, అంటే మూడొందల ఏళ్ల కిందటి యూరప్ పాటలు, వాయిస్తాడట. అట్టడుగు మెట్టు, అంటే అన్నిటికన్నా మంద్రంగా పలికే మీట, ఒక్క చివరి పాటలోనే మోగుతుందని ఫాదర్ చెప్పారు. ఆ మెట్టుకి స్వరం పలికే ఇత్తడి రేకు, రీడు, అరగదీసి వేసింది పోలారావే. అది వినాలని అతని ఆశంతా.

హాలు నిండాలని ఉద్దానం ఊళ్లలోని నాటకాభిమానుల్ని తనే పిలిచాడు. అక్కడే దెబ్బతిన్నాడు. మొదటి పాట అవగానే వాళ్లు, నాటకంలో పద్యానికి అరిచినట్టే, "వన్స్‌మోర్!" అన్నారు. జర్మనీ ఆయన మురిసిపోయి మళ్లీ వాయించాడు. రెండోదానికీ అంతే.

"ఊరుకోండెహె! ఇది నాటకమేటి?" అని కసిరాడు పోలారావు.

"బాగుంటే అడక్కుండా ఎలాగుంటాం బావా? పిలిసింది నువ్వే గదా!" అన్నాడు ఉద్దానం నుంచి వచ్చిన ధనుంజయ.

మూడోదీ రెండుసార్లయింది. పోలారావు పక్కన కూర్చున్న నాకూ మళ్లీ వినాలనే ఉంది కానీ, అతని మొహం చూసి చప్పట్లతో సరిపెట్టుకున్నాను.

ఫాదర్ గడియారం చూశారు. పలాసలో ఆయన రైలుకి వేళయింది, చివరి పాట ఉండదన్నారు.

పోలారావు బెంచీ ఎక్కి, "వన్స్‌మోర్!" అని అరిచాడు.

"ఇంకా వాయించని పాటకి వన్స్‌మోరేటయ్యా?" అంది అతని భార్య కాంతం.

జర్మనీ ఆయన మాత్రం నవ్వుతూ కూర్చుని, మూడో పాటనే మళ్లీ అందుకున్నాడు.